మా రంగము తాత యేల వెడలెను?

మేము అక్కాతమ్ములము. మా యిల్లు చిక్కడపల్లిలో నొక యిరుకు సందున గలదు. మా పాఠశాల నారాయణగూడలో నున్నది. మా యన్నగారు పోటీపరీక్షలకు చదువుకొను గది అశోకనగరున నున్నది. ఈ మూడు పేటలును ఒకదాని కొకటి కాలినడక దూరమే. కనుక మా దినచర్య యంతయు నీ మూడింటి నడుమనే జరిగిపోవుచుండును. కాని మా వంశకథలో నొక ముఖ్యమైన భాగము మాత్రము సముద్రమున కావలి యొడ్డున, బర్మాదేశపు రంగూను పట్టణమున జరిగినదని చిన్ననాటినుండి వినుచుంటిమి. మా నాయనమ్మగారు ఆ పట్టణమును రంగూనని యనరు. శ్రీకాకుళపు ప్రాంతమున నెల్లరు ననినట్లే "రంగం" అందురు. ఆమె తాతగారు అక్కడి బియ్యపు మిల్లులో కూలిపని చేసినందున మా యింట నాయనకు "రంగము తాత" యను పేరు నిలిచినది.

ఆయన యేల వెడలెనో తెలిసికొనవలెనను కోరిక మాకు కలుగుటకు రెండు కారణములు గలవు. మొదటిది యిది. గత సంవత్సరము మా పాఠశాలను చూడవచ్చిన ఐర్లండుదేశపు వృద్ధవనిత యొకరు మా తరగతిలో తమ పూర్వుల కథను చెప్పిరి. 1845వ సంవత్సరమున ఆ దేశమున బంగాళాదుంప పంటకు తెగులు సోకెను. తరువాతి యేడేండ్లలో ఇంచుమించు పదిలక్షలమంది ఆకలిచేతను జ్వరములచేతను మరణించిరి. మరి యంతమంది దేశము విడిచిరి. ఆమె పూర్వుల కుటుంబము లాంకషైరు నూలుమిల్లులకు పోయి చేరెను. "తెగులే కారణమని నేను చిరకాలము నమ్మియుంటిని. తరువాత కౌలు బకాయికై మావారిని ఇంటినుండి వెడలగొట్టిన కాగితమును చూచితిని. ఆ కరవు యేండ్లలోనే ఐర్లండు రేవులనుండి ధాన్యము ఎగుమతి యగుచునే యుండెను" అని యామె చెప్పి, మీ పెద్దలలో నెవరైన నట్లు వెడలిరా యని మమ్మడిగిరి. వెడలిరని చెప్పితిమి. ఏల యని యడుగగా మాకు నోట మాట రాలేదు.

రెండవ కారణము మా యింటిలోనిది. మా యన్నగారు పట్టపరీక్షలో నుత్తీర్ణులై నాలుగేండ్లు గడచినవి. ఉదయము చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమునకు పోయి, వందలకొలది పడుచువారితో పాటు చెట్టుక్రిందనో మెట్లమీదనో చోటు సంపాదించుకొని చదివి, రాత్రికి గాని యిల్లు చేరరు. ఒక పరీక్ష వాయిదాపడెను, ఒకటి రద్దయ్యెను, ఒకదానిలో కొలది మార్కులు తక్కువయ్యెను. కడపట ఒక దళారి వచ్చి, జపానుదేశమున యంత్రభాగములు చేయు కర్మాగారములో పని యిప్పించెదనని చెప్పెను. అన్నగారు సరే యనిరి. నాయనమ్మగారు మాత్రము ససేమిరా యనిరి.

"మన యింట సముద్రం దాటినోడు బాగుపడనేదు. మా తాత దురాశకి పోయి, ఉన్న భూమి అమ్ముకొని రంగం ఎలిపోనాడు. మరి తిరిగి సూడనేదు. నీకెందుకురా ఆ బుద్ధి?" అని యామె కన్నీరు పెట్టుకొనిరి. అన్నగారు మారుమాటాడక లేచిపోయిరి. ఆ రాత్రి మా యింట నెవరును సరిగా భుజింపలేదు. నాయనమ్మగారి మాటలో నిజమెంతయో తెలిసిన గాని యీ చిక్కు వీడదని మాకు తోచెను. తాత నిజముగా దురాశాపరుడైనచో అన్నగారి కది హెచ్చరిక. కానిచో, కాలముచేసిన మనుష్యునిపై మనము నూరేండ్లుగా నింద మోపుచున్న వారమగుదుము.

నాయనమ్మగారి మంచముక్రింద నొక రేకుపెట్టె గలదు. అది యామె తండ్రిగారిది. అందు మడతలు పడిన ఒక ముద్రకాగితముండుట మేము పూర్వమే యెరుగుదుము. పైని ఐదవ జార్జి చక్రవర్తి బొమ్మ గలదు. క్రింద తెలుగున వ్రాసియున్నను, మేమెంత ప్రయత్నించినను ఒక్క పంక్తియు చదువలేక పోతిమి. అక్షరమున కక్షరము తగులుకొని, కలము ఎత్తకుండ వ్రాసిన గొలుసుకట్టు వ్రాత యది. మా తండ్రిగారికిని అది చదువ రాదు. నాయనమ్మగారికి అక్షరములే రావు. ఇట్లు మూడు తరములవారు ఒక కాగితమును భద్రముగా దాచిరే కాని, అందేమున్నదో యెవరు నెరుగరు.

దానిని చదువగలవారిని వెదకుచునే, మేము గ్రంథాలయమున బర్మాను గూర్చి దొరికిన పుస్తకములను చదివితిమి. అన్నగారు కూర్చుండు చోటికి ఎదుటి బల్లయే మాకు దొరికెను. ఆంగ్లేయులు 1826, 1852, 1885వ సంవత్సరముల యుద్ధములలో బర్మాను మూడు విడతలుగా ఆక్రమించిరి. 1869లో సూయెజు కాలువ తెరువబడిన పిదప ఐరోపాకు బియ్యపు ఎగుమతి మిక్కిలి హెచ్చెను. ఐరావతీ డెల్టాలోని యడవులు నరుకబడి వరిపొలములయ్యెను. రంగూనులో నదియొడ్డున ఆవిరియంత్రపు మిల్లులు లేచెను. పొలము దున్నుటకు బర్మీయులుండిరి. మిల్లులో బస్తా మోయుటకును, ఓడకెక్కించుటకును కూలీలు కావలసివచ్చిరి. ఆ కూలీలలో అధికులు కళింగపట్నము, భీమునిపట్నము, విశాఖపట్నము, కాకినాడ మొదలగు రేవులనుండి పోయిన మన తెలుగువారే. గోదావరి ముఖమునందలి కోరంగి రేవు పేరును బట్టి వారిని అక్కడ "కోరంగీలు" అనుచుండిరి. 1931వ సంవత్సరపు జనాభా లెక్కలనాటికి రంగూనులోని నాలుగు లక్షలమందిలో సగమునకు మించి భారతీయులే యుండిరి. 1920ల చివర ఏటేట దిగు వలసవారి సంఖ్యలో రంగూను న్యూయార్కును మించెనని చరిత్రకారులు వ్రాసిరి.

ఈ వలస మారిషసు, ఫిజీ, నేటాలు దేశములకు పోయినవారి వలస వంటిది కాదు. అక్కడికి పోయినవారు ఐదేండ్ల ఒడంబడికపై వ్రేలు వేసి చెరకుతోటలకు పోయిరి. బర్మాకు పోవువారికి ఒడంబడిక లేదు, మేస్త్రీ యుండెను. ఊరికి వచ్చి, ఓడ ఖర్చునకు ముందుగా రూకలిచ్చి, పదిమందిని కూడగట్టుకొని పోవువాడు మేస్త్రీ. మిల్లుయజమాని కూలి నిచ్చునది మేస్త్రీచేతికే. వాడు తన బాకీని, తన వాటాను కోసికొని మిగిలినది కూలివానికిచ్చును. యజమాని ముఖము నెన్నడును చూడని కూలివారనేకులుండిరి.

మరియొక సంగతి మాకు మిక్కిలి యక్కరకు వచ్చినది. బర్మాలో వరికోతలు ముగిసి ధాన్యము మిల్లులకు చేరునది సంక్రాంతి నాటికి. మిల్లులు జోరుగా నాడునది జనవరి మొదలు మే నెల వరకు. ఆ నెలలే మన శ్రీకాకుళపు మెట్టరైతునకు చేతిలో పనిలేని నెలలు. వానలు పడినతోడనే యక్కడ మిల్లులు మందగించును. ఇక్కడ దుక్కులు మొదలగును. అనగా ఒకే మనిషి యేటిలో సగము అక్కడ మిల్లుకూలిగాను, సగ మిక్కడ రైతుగాను బ్రతుకవచ్చును. దీనిని చదివినప్పుడు మాకేమియు తోచలేదు. కొలదిదినములకు దీని యర్థము తెలియవచ్చెను.

నారాయణగూడలో, శ్మశానవాటికకు కొంచెము దూరమున, దస్తావేజులు వ్రాసి జీవించిన వృద్ధులొకరున్నారని మా లెక్కల మాస్టారు చెప్పిరి. మేము కాగితమును తీసికొని పోతిమి. ఆయన కండ్లకు భూతద్దము పెట్టుకొని, ఒక్కొక్క మాటను కూడబలుకుకొనుచు చదివిరి. అది తనఖా దస్తావేజు. 1918వ సంవత్సరము చివర వ్రాయబడినది. రెండెకరముల జిరాయితీ భూమిని తనఖా పెట్టి, ఊరి షావుకారువద్ద 200 రూపాయలు పుచ్చుకొనినట్లున్నది. వడ్డీ నెలకు నూటికి 2 రూపాయలు. పుచ్చుకొనిన కారణమును కూడ వ్రాసిరి: శిస్తు బకాయి చెల్లించుటకును, విత్తనములకును, కుటుంబపోషణకును.

1918 అనగానే మా చరిత్రోపాధ్యాయులు తలయూచిరి. ఆ యేడు నైరుతి ఋతుపవనము దేశమంతట విఫలమైనది. ఆ యేటనే ఇన్‌ఫ్లుయెంజా జ్వరము వ్యాపించి భారతదేశమున కోటికి పైగా ప్రజలు మరణించిరి. మా పెద్దల యూరు అప్పటి గంజాము జిల్లాలోనిది. గోదావరిపై కాటను దొరవారి యానకట్ట 1852లోనే పూర్తియై యుండగా, మా వంశధారపై గొట్టా యానకట్ట వచ్చునప్పటికి 1970లు రావలసివచ్చెను. వాన లేనిచో పంట లేదు. పంట లేకున్నను శిస్తు తప్పదు.

దస్తావేజు వెనుకవైపు చూపి వృద్ధులు, "అసలు కథ యిక్కడ నున్నది" అనిరి. వెనుక నారు చెల్లువ్రాతలు గలవు. 1919 మొదలు 1924 వరకు ఏటి కొకటి: 45, 48, 50, 40, 52, 50 రూపాయలు. ప్రతి చెల్లుక్రిందను ఒక వేలిముద్ర గలదు. సిరా వెలసినను, బొటనవ్రేలి గీతలు కొన్నింట నింకను కనబడుచున్నవి. అందొకదానికి అడ్డముగా తెల్లని గాటు గలదు. ఆ వ్రేలికేదో గాయమై మానియుండును. తిథులను చదువుమని మేము కోరితిమి. అన్నియు జ్యేష్ఠ, ఆషాఢ మాసములే.

అప్పుడు మాకు గ్రంథాలయమున చదివినది జ్ఞప్తికి వచ్చెను. మిల్లులు మందగించు కాలమది; తొలకరి దుక్కుల కాలమది. వేలిముద్ర యితరులచే పంపునది కాదు. మనిషి స్వయముగా నుండవలెను. మా రంగము తాత భూమి నమ్ముకొని పోలేదు. భూమిని విడిపించుకొనుటకై పోయెను. తిరిగి చూడలేదనుటయు నిజము కాదు. ఆరేండ్లు వరుసగా నోడ దిగి, మొట్టమొదట షావుకారు ఇంటికి పోయి వ్రేలు వేసి, పిదప నాగలి పట్టెను.

మరి భూమి యేల పోయెను? తమ్ముడు పలకమీద లెక్క వేసెను. 200 రూపాయలకు నెలకు 4 రూపాయల వడ్డీ, సంవత్సరమునకు 48, ఆరేండ్లకు 288. తాత కట్టినది మొత్తము 285. అనగా పుచ్చుకొనినదానికంటె 85 రూపాయలు హెచ్చుగా కట్టిన తరువాతను, ఆయన తీర్చవలసినది 203 రూపాయలు. బయలుదేరిననాటికంటె మూడు రూపాయలు ఎక్కువ! లెక్క తప్పినదేమోయని రెండుమారులు వేసితిమి. మాస్టారుకూడ వేసి చూచిరి. తప్పలేదు. మాస్టారు కొంతసేపు మాటాడక, "నేను ముప్పదియేండ్లుగా వడ్డీ లెక్కలు చెప్పుచున్నాను. ఇట్టి లెక్క నెన్నడును చెప్పలేదు" అనిరి.

చెల్లుల క్రింద 1925వ సంవత్సరపు వ్రాత యొకటి గలదు: బాకీ క్రింద భూమిని షావుకారునకు వదలుకొనినట్లు. దానిక్రిందను అదే వేలిముద్ర, అదే గాటు. ఆ తరువాతనే కుటుంబము కదలెను. అంతవరకు తాత యొక్కడు పోవుచు వచ్చుచుండెను. తిరిగివచ్చుటకు భూమియే లేనప్పుడు భార్యను, చిన్న కుమారుని వెంటబెట్టుకొని ఓడ యెక్కెను. ఆ కుమారుడే మా నాయనమ్మగారి తండ్రి. ఊరిలో మిగిలిన దాయాదులకు కనబడినది కడపటి దృశ్య మొక్కటియే: భూమి పోయెను, మనుష్యులు పోయిరి. దానినుండియే "భూమి అమ్ముకొని పోయె" నను మాట పుట్టియుండును.

రంగూనులో వారి బ్రతుకు నాయనమ్మగారు తండ్రివలన వినినంత మాత్రమే మాకు తెలియును. ఒక్క గదిలో పలువురు వంతులవారీగా నిదురించుట, మెడమీద బస్తా మోసి మోసి కాయ కాచుట, వానకాలమున పనిలేక పస్తుండుట. 1930 మే నెలలో తెలుగు రేవుకూలీలు కూలి పెంపుకై సమ్మె చేయగా, వారి స్థానమున బర్మీయులను పెట్టిరి. సమ్మె ముగిసి పాతవారిని తిరిగి చేర్చుకొనగా బర్మీయులకు పని పోయెను. అంతట కలహము చెలరేగి నూరుమందికి పైగా మరణించిరి. ఇద్దరు పేదలను ఒక కూడుముద్దకై ఎదురెదురుగా నిలిపినచో నేమగునో ఆ కథ చెప్పుచున్నది. ఆ దినములలో తాత మూడురాత్రులు మిల్లు బస్తాల మాటున దాగియుండెనట.

1941 డిసెంబరు 23వ తేదీన జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసెను. 1942 మార్చిలో పట్టణము వారి వశమయ్యెను. ఓడలలో చోటు ధనికులకు దొరకెను. కూలివారు నడచిరి. కొందరు టాంగుపు కనుమ దాటి అరకాను తీరమునకు, కొందరు తాము మీదుగా మణిపురమునకు, ఇట్లు నాలుగైదు లక్షలమంది అడవులబడి వచ్చిరి. త్రోవలో కలరాచేతను ఆకలిచేతను వేలకొలది జనులు రాలిపోయిరి. తాతగారి భార్య యంతకు పూర్వమే రంగూనులో గతించెను. తాత టాంగుపు త్రోవలో కలరాచే మరణించెను. కుమారుడొక్కడే యిల్లు చేరెను. ఆయన మొలకు చుట్టుకొని తెచ్చిన గుడ్డమూటలో రూకలు లేవు. ఈ తనఖా కాగితముండెను. వదలుకొనిన భూమి కాగితమును తాత పదునేడేండ్లు రంగూనులో నేల దాచెనో, చావుబ్రతుకుల నడుమ కుమారున కేల యిచ్చెనో, చదువరులే యూహింతురు గాక.

మేమీ సంగతులన్నియు నొక సాయంకాలము నాయనమ్మగారికి చెప్పితిమి. అన్నగారును అక్కడ నుండిరి. ఆమె మొదట నమ్మలేదు. కాగితమును చేతికిచ్చి, ఆరు ముద్రలను ఒక్కొక్కటిగా చూపితిమి. ఆమె తన బొటనవ్రేలిని వానిమీద నొక్కొక్కదానిపై నుంచిరి. తరువాత చాలసేపటికి, "మరి ఆడినేటి నేను ఇన్నాళ్లూ తిట్టినాను?" అనిరి. మాకు సమాధానము దొరకలేదు. కొంతసేపటికి కన్నులు తుడుచుకొని, అన్నగారివైపు తిరిగి, "ఒరే, నీ కాగితం తే. అది కూడా సదివించు" అని యాజ్ఞాపించిరి.

మేమెవరమును ఊహింపని ప్రశ్న యది. అన్నగారు తెచ్చిన కాగితమును అక్క బిగ్గరగా చదివినది. నాయనమ్మగారు అడిగినవి మూడు ప్రశ్నలే. ఓడఖర్చు ఎవరిది? కూలి నీ చేతికి వచ్చునా, మేస్త్రీచేతికా? పని నచ్చక తిరిగివచ్చినచో బాకీ యెంత? దళారికి ముందుగా నాలుగు లక్షల రూపాయలు అన్నగారే కట్టవలెనని తేలెను. ఆ సొమ్మును వడ్డీకి తెచ్చుకొనుటకు దళారియే యొకరిని చూపెనట. ఆ వడ్డీ నెలకు నూటికి మూడు రూపాయలు. తమ్ముడు మరల పలక తీసికొనెను. అన్నగారు లెక్క పూర్తి కాకముందే, "చాలు, తెలిసినది" అనిరి.

మరునాడు విచారింపగా ఆ దళారికి ప్రభుత్వమువారి నమోదు లేదని తెలిసెను. 1983వ సంవత్సరపు వలసచట్టము నమోదు లేనివాడు పరదేశపు పనులకు మనుష్యులను చేర్చుటను నేరముగా నిర్ణయించినది. రంగము తాత కాలమున ఆయన మేస్త్రీని ప్రశ్నించుటకు అట్టి యాధార మేదియు లేకుండెను. అన్నగారి కది యున్నది. కాని కాగితము చదివి యడుగువారు లేనిచో ఉండియు లేనట్లే.

అన్నగారు జపానుకు పోవుట మానుకొనలేదు. ఆ దళారిమూలమున పోవుట మానుకొనిరి. ప్రస్తుతము సాయంకాలములందు జపాను భాష నేర్చుకొనుచు, పగలు మునుపటివలెనే గ్రంథాలయమునకు పోవుచున్నారు. నాయనమ్మగా రిప్పుడు వలదనుట లేదు. "అప్పు సేసి మాత్రం ఎల్లకు" అని మాత్రము రోజు నొకమారు చెప్పుచుందురు. అన్నగారి భవిష్యత్తేమగునో మేమెరుగము. ఈ సంచిక ముద్రణకు పోవునాటికి ఆయన ఎదురుచూచు ఉత్తరము రాలేదు.

ఐర్లండునుండి వచ్చిన యా వృద్ధవనితకు మేము జాబు వ్రాసితిమి. మీ పూర్వులను వెడలగొట్టినది తెగులొక్కటియే కానట్లు, మా తాతను వెడలగొట్టినది కరవొక్కటియే కాదనియు, వాన కురియని యేట శిస్తును, శిస్తునకై తెచ్చిన అప్పును, అప్పుపై పెరిగిన వడ్డీయు కలిసి యా పని చేసినవనియు తెలిపితిమి. వాన లేకపోవుట దైవికము; తక్కిన మూడును మనుష్యులు చేసినవి.

తోడి విద్యార్థులారా! మీ యిండ్లలోను రేకుపెట్టె లుండును. అందు గొలుసుకట్టున వ్రాసిన కాగితములుండును. వానిని చదువగల వృద్ధులు నానాటికి తగ్గిపోవుచున్నారు. మాకు చదివిపెట్టిన వారికి ఎనుబది రెండేండ్లు. కాగితము చిరుగకముందే, చదువగలవా రుండగనే, ఈ సెలవులలో నా పెట్టెలను తెరచి చూడుడని మా మనవి.